నలుపు ఆగిన చోటే ఇంక్ లిమిట్

మ్యాట్ పేపర్ మీద బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే నీడలన్నీ ముద్దగా వస్తున్నాయని చాలామంది అడుగుతుంటారు. స్క్రీన్ మీద తాతగారి నల్లకోటు మడతలు చక్కగా కనిపిస్తాయి. ప్రింట్‌లో మాత్రం కోటంతా ఒకటే నల్లమచ్చ. వెంటనే ఫోటోషాప్ తెరిచి షాడోస్ పైకి లేపుతారు. కోటు బూడిద రంగుకి తిరుగుతుంది గానీ మడతలు రావు. చాలాసార్లు లోపం ఫైల్లో ఉండదు. పేపర్ పట్టగలిగిన దానికంటే ఎక్కువ ఇంక్ దాని మీద పడుతుంటుంది. అలాంటప్పుడు ఫైల్ జోలికి పోకుండా ముందు ఇంక్ లిమిట్, అంటే ప్రింటర్ వేసే ఇంక్‌కి పెట్టే పై హద్దు, సరిచేసుకోవాలి.

నేను కాకినాడలో పాత నెగెటివ్‌లు స్కాన్ చేసి ప్రింట్లు తీసిస్తాను. ఎక్కువగా 1950లు, 60ల నాటి స్టూడియో ఫోటోలు వస్తాయి: కొత్త దంపతులు, డిగ్రీ గౌన్లు, కుర్చీలో కూర్చున్న ప్లీడర్లు. నా మెషిన్ ఎప్సన్ ష్యూర్‌కలర్ పీ800. పేపర్ హానెమ్యూలే ఫోటో రాగ్, 308 జీఎస్ఎం. ప్రింట్ తీసేది రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో, అందరూ క్యూటీఆర్ అనేది దాన్నే. ఇది షేర్‌వేర్, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. కింద చెప్పేదంతా ఈ మూడింటిని బట్టే. మీ దగ్గర క్యూటీఆర్ నడిచే వేరే ఎప్సన్ ఉన్నా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీవి మీరే తీసుకోవాలి. నా అంకెలు నేరుగా మీ మెషిన్‌లో వేసుకుంటే ఉపయోగం ఉండదు, ఎందుకంటే లిమిట్ అనేది ప్రింటర్ ఒక్కదానిదే అనుకోవడానికి లేదు. ప్రింటర్, ఇంక్, పేపర్, రిజల్యూషన్ నాలుగూ కలిస్తేనే ఒక లిమిట్.

అసలు జరిగేది ఏమిటంటే, నల్ల ఇంక్‌లో నలుపునిచ్చేది కార్బన్ పిగ్మెంట్. మిగతా ఎక్కువ భాగం నీళ్లు, ఇంక్ చిమ్మే నాజిల్ ఎండిపోకుండా ఉంచే ద్రవాలు. ఫోటో రాగ్ లాంటి పేపర్ పైన ఒక పల్చటి కోటింగ్ ఉంటుంది. ఆ కోటింగ్ ద్రవాన్ని లోపలికి పీల్చుకుని పిగ్మెంట్‌ని పైపొరలో పట్టి ఉంచుతుంది. ఎండిన పొలం మొదటి చినుకుల్ని పీల్చుకుని, తడిసి నిండాక నీటిని పైన నిలబెట్టేసినట్టే ఇదీ. కోటింగ్ నిండేదాకా ప్రతి చుక్కా నలుపుని పెంచుతుంది. నిండిన తర్వాత పడే ఇంక్ తడిని పెంచుతుంది తప్ప నలుపుని పెంచదు. మ్యాట్ పేపర్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ గీత దాటాక నలుపు తగ్గడం మొదలవుతుంది. 80 శాతం ఇంక్ వేసిన గడి 65 శాతం గడి కంటే లేతగా కనిపించడం మ్యాట్ పేపర్ మీద మామూలే. నీడల్లో వివరాలు పోయేది అక్కడే. ఫైల్లో 92, 95, 98 శాతంగా ఉన్న మూడు వేర్వేరు నలుపులు పేపర్ మీద ఒకటే నలుపుగా దిగుతాయి, లేదా తలకిందులవుతాయి.

చార్ట్ తీసే ముందు

లిమిట్ తేల్చడానికి ఇంక్ గడులున్న చార్ట్ ఒకటి ప్రింట్ తీసి కొలవాలి. దానికి ముందు నాజిల్ చెక్, అంటే అన్ని నాజిల్స్ నుంచీ ఇంక్ పడుతోందో చూసే గీతల ప్రింట్, తప్పనిసరి. ఒక్క గీత తెగినా చార్ట్‌లో ఆ ఇంక్ కొలత తప్పుతుంది, దాని మీద కట్టినదంతా తప్పుతుంది. తర్వాత నల్ల ఇంక్ ఏది ఎక్కి ఉందో చూడండి. మ్యాట్ పేపర్‌కి మ్యాట్ బ్లాక్, మెరుపున్న గ్లాసీ, బరైటా పేపర్లకి ఫోటో బ్లాక్. పీ800లో ఈ రెండూ ఒకే దారిలో వెళ్తాయి కాబట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా కొంత ఇంక్ వృథా అవుతుంది. అందుకని మ్యాట్ పేపర్ పనులన్నీ ఒక విడతలో పెట్టుకుంటాను. 2020లో వచ్చిన పీ700, పీ900ల్లో రెండు నలుపులకీ వేరువేరు నాజిల్స్ ఇచ్చారు, ఆ బాధ లేదు.

రిజల్యూషన్ ముందే తేల్చుకోండి. నేను 1440 డీపీఐ, యూనిడైరెక్షనల్ వాడతాను, అంటే హెడ్ ఒకవైపు వెళ్లేటప్పుడే ఇంక్ వేస్తుంది. 1440లో తేల్చిన లిమిట్‌ని 2880లో వాడకూడదు, పడే ఇంక్ మారిపోతుంది. పేపర్ కూడా అసలు ప్రింట్ తీసే పేపరే కావాలి. ఖర్చు కలిసొస్తుందని మిగిలిపోయిన వేరే రకం ముక్కల మీద చార్ట్ తీస్తే ఆ కొలతలు ఎందుకూ పనికిరావు. అదే పేపర్ కోసిన ముక్క అయితే ఇబ్బంది లేదు.

మొదటి చార్ట్

క్యూటీఆర్‌లో కాలిబ్రేషన్ మోడ్ అని ఉంటుంది. మామూలు ప్రింట్‌లో సాఫ్ట్‌వేర్ అన్ని ఇంకులనీ కలిపి వేస్తుంది. కాలిబ్రేషన్ మోడ్‌లో ఏ ఇంక్‌కి ఆ ఇంక్ విడిగా పడుతుంది. దానితోపాటే వచ్చే ఇంక్ సెపరేషన్ చార్ట్‌ని ఇంక్ లిమిట్ 100 దగ్గర పెట్టి ప్రింట్ తీయండి. ఒక్కో ఇంక్‌కి ఒక్కో వరుస, 5 శాతం చొప్పున పెరుగుతూ 100 దాకా గడులు వస్తాయి. మ్యాక్‌లో తీసేవాళ్లు కలర్ మేనేజ్‌మెంట్ మధ్యలో దూరకుండా చూసుకోవాలి. హారింగ్టన్‌దే ప్రింట్ టూల్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో నో కలర్ మేనేజ్‌మెంట్ పెడితే సరిపోతుంది.

చార్ట్ బయటికి రాగానే కొలవొద్దు. కనీసం గంట ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో పెడితే కాస్త తొందరగా ఆరుతుంది. చివరి కొలత మాత్రం నేను మర్నాడే తీస్తాను. మా ఊళ్లో సముద్రపు గాలికి పేపర్ పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల తడి చాలాసేపు ఉంటుంది.

ముందు కళ్లతో చూడండి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని వెలుతురులో. నల్ల ఇంక్ వరుసలో ఒక గడికీ పక్క గడికీ మధ్య గీత ఎక్కడిదాకా కనిపిస్తోంది? ఎక్కడ మాయమవుతోంది? బంగారం షాపుల్లో వాడే పది రెట్ల లూప్ (చిన్న భూతద్దం) ఒకటి దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది. దాంతో గడి అంచు చూడండి. లిమిట్ లోపల అంచు గీసినట్టు ఉంటుంది. లిమిట్ దాటితే ఇంక్ పక్కకి పాకి అంచు ఊలులా రేగుతుంది. ఇంకా పైకి వెళ్తే గడి మధ్యలో మచ్చమచ్చలుగా తేలుతుంది, పేపర్ వెనక వైపు ఆ భాగం కొద్దిగా ఉబ్బుతుంది. ఈ గుర్తులు తెలుపు మీద సన్నటి నల్లగీతలున్న చోట ఇంకా బాగా బయటపడతాయి.

తర్వాత రంగు కొలిచే మీటర్. నేను ఎక్స్‌రైట్ వాళ్ల ఐ1ప్రో వాడతాను, కలర్‌మంకీ అయినా పని జరుగుతుంది. చూడాల్సింది ఎల్ స్టార్ అంకె. 0 అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. నల్ల ఇంక్ వరుస కొలిస్తే అంకెలు ఇలా వచ్చాయనుకుందాం: 50 శాతం గడి 19.4, 55 గడి 18.1, 60 గడి 17.3, 65 గడి 16.9, 70 గడి 16.8, 75 గడి 16.9, 80 గడి 17.2.

అన్నిటికంటే నల్లగా ఉన్నది 70 గడి కదా, లిమిట్ 70 అనుకోవాలనిపిస్తుంది. అలా పెట్టొద్దు. నేను వాడే లెక్క ఇది: తర్వాతి 5 శాతం ఇంక్ వేసినా ఎల్ స్టార్ అర పాయింట్ కూడా దిగకపోతే అక్కడే ఆగిపోవాలి. పైన 55 నుంచి 60కి 0.8 దిగింది. 60 నుంచి 65కి 0.4 మాత్రమే. కాబట్టి లిమిట్ 60. ఎల్ స్టార్ 17.3 అంటే డెన్సిటీ (నలుపు గాఢత, అంకె పెరిగేకొద్దీ నలుపు) లెక్కలో దాదాపు 1.63, 16.8 అంటే 1.65. ఈ తేడాని గోడకి వేలాడే ప్రింట్‌లో ఎవరూ పట్టలేరు. దానికోసం పది శాతం అదనపు ఇంక్ పోస్తే పోయేది కోటు మడతలు. మంచి మ్యాట్ పేపర్ మీద నలుపు ఈ 1.6, 1.7 చుట్టుపక్కలే ఆగుతుంది. గ్లాసీ ప్రింట్ పక్కన పెట్టి చూసి అంత నలుపు మ్యాట్‌లో రాలేదని ఇంక్ పెంచుతూ పోతే పేపర్ తడవడం తప్ప వచ్చేదేమీ లేదు.

ఆ చివరి కొంచెం నలుపు కూడా కావాలంటే క్యూటీఆర్‌లో బ్లాక్ బూస్ట్ అని వేరే గడి ఉంది. అన్ని ఇంకులకీ లిమిట్ 60 ఉంచి, నలుపుకి మాత్రం బూస్ట్ 65 ఇవ్వొచ్చు. ఆ అదనపు ఇంక్ చిట్టచివరి నలుపు దగ్గరే పడుతుంది, మధ్య టోన్లని ముట్టదు. లూప్‌లో 65 గడి అంచు శుభ్రంగా ఉంటేనే ఇస్తాను. లేకపోతే బూస్ట్ జోలికి పోను.

మీటర్ లేనివాళ్లు ఇక్కడ ఆగిపోనక్కర్లేదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కాంట్రాస్ట్, షార్పెనింగ్ అన్నీ ఆపేసి చార్ట్‌ని 16 బిట్ గ్రేలో స్కాన్ చేయండి. ఫోటోషాప్‌లో ఒక్కో గడి మధ్య సగటు విలువ చూసి రాసుకోండి. అది నిజమైన డెన్సిటీ కాదు, కానీ ఏ గడి దగ్గర అంకె దిగడం ఆగిందో తెలిస్తే చాలు. లిమిట్ పెట్టడానికి కావాల్సింది అదే.

బూడిద ఇంకుల సంగతి

పీ800లో నలుపుతో పాటు లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్ అని రెండు పల్చటి ఇంకులున్నాయి. పీ900లో వీటినే గ్రే, లైట్ గ్రే అంటారు. ముఖం మీద నునుపు వచ్చేది వీటివల్లే. నల్ల చుక్కలతోనే బుగ్గ మీది లేత నీడ వేస్తే ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. పల్చటి ఇంక్ చుక్కలు దగ్గరదగ్గరగా పడితే కన్ను చుక్కని చూడదు, టోన్‌నే చూస్తుంది.

ఇవి ఎంత వేసినా నల్లబడవు కాబట్టి వీటికి లిమిట్ అక్కర్లేదనుకోవడం మామూలు. కానీ తడి తడే. అన్నిటికీ అదే 60 ఉంచండి. ఇప్పుడు కాలిబ్రేషన్ మోడ్‌లోనే ఇంక్ లిమిట్‌ని 60కి దించి చార్ట్ మళ్లీ తీయండి. ఈసారి 100 అని రాసి ఉన్న గడిలో పడేది పాత 60 శాతం ఇంక్. ఆరనిచ్చి కొలవండి.

ఈ రెండో చార్ట్‌లో వెతకాల్సింది ఒకే జవాబు. లైట్ బ్లాక్ పూర్తిగా, అంటే 100 గడిలో ఎంత ముదురుగా ఉందో, నల్ల ఇంక్ అంతే ముదురుగా ఏ గడిలో ఉంది? లైట్ బ్లాక్ 100 గడి ఎల్ స్టార్ 52 అనుకుందాం. నల్ల వరుసలో 30 గడి 53.6, 35 గడి 49.6. అంటే 52 అనేది 32 శాతం దగ్గర పడుతుంది. లైట్ బ్లాక్ విలువ 32. అలాగే లైట్ లైట్ బ్లాక్ 100 గడి 77 అయి, నల్ల వరుసలో 10 గడి 78.4, 15 గడి 71.4 ఉంటే, దాని విలువ 11. ఈ రెండంకెలూ కర్వ్ ఫైల్లో (ఏ టోన్‌కి ఏ ఇంక్ ఎంత వేయాలో చెప్పే ఫైల్) గ్రే విలువలుగా వేస్తే, ఏ టోన్ దగ్గర ఏ ఇంక్ ఆగి ఏది అందుకోవాలో క్యూటీఆర్ చూసుకుంటుంది. ఈ పనిలో తొందర పడకండి. విలువ తప్పితే ఒక ఇంక్ నుంచి ఇంకో ఇంక్‌కి మారే చోట, ఆకాశంలోనో నుదుటి మీదో, ఒక మెట్టు తేలుతుంది. తర్వాతి లీనియరైజేషన్ (టోన్ల మెట్లని సమంగా సర్దడం) దాన్ని కొంత సర్దుతుంది గానీ పూర్తిగా చెరపలేదు.

ఎప్సన్ నల్ల ఇంకులు మ్యాట్ పేపర్ మీద ఒంటరిగా పడితే కొంచెం గోధుమ వైపు వెళ్తాయి. పాత కుటుంబ ఫోటోలకి ఆ వెచ్చదనం నాకు ఇష్టం. న్యూట్రల్ కావాలనేవాళ్లకి లైట్ సయాన్, లైట్ మెజెంటా కొద్దిగా కలపాలి. అలా కలిపినప్పుడు నీడల్లో పడే మొత్తం ఇంక్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. టోనింగ్ కర్వ్‌కి నేను అన్ని ఇంకుల లిమిట్‌నీ రెండు మూడు పాయింట్లు దించుతాను.

లిమిట్ సరిపోయిందో లేదో చెప్పేది ఇక్కడే

ఇప్పుడు కర్వ్ ఇన్‌స్టాల్ చేసి, లీనియరైజేషన్ లేకుండా, తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల చార్ట్ తీయండి. పేపర్ తెలుపు 97, నలుపు 17 అయితే మధ్యలో 80 పాయింట్ల దూరం ఉంది. 20 అంచెల్లో దిగాలి కాబట్టి చివరికి ఒక్కో మెట్టుకి 4 పాయింట్లు రావాలి. లీనియరైజ్ చేయకముందు అంత సమానంగా రాదు, రావాలనీ లేదు. చూడాల్సింది చివరి మూడు మెట్లు: 90, 95, 100. అవి 21, 19, 17 లాగా వస్తే బాగానే ఉన్నట్టు, లీనియరైజేషన్ వాటిని దూరం జరుపుతుంది. 17.6, 17.2, 17.3 లాగా వస్తే ఇక్కడ ఆగి వెనక్కి వెళ్లండి. లిమిట్ ఇంకా ఎక్కువుంది. ఐదు పాయింట్లు దించి రెండో చార్ట్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. విసుగనిపిస్తుంది, అయినా చేయండి. ఒకేలా ఉన్న రెండు నలుపుల మధ్య లేని తేడాని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

మెట్లన్నీ వరుసగా దిగుతుంటే ఆ 21 అంకెలని లీనియరైజ్ గడిలో వేసి కర్వ్ మళ్లీ చేయండి. ఇంకోసారి చార్ట్ తీసి చూస్తే మెట్లు సమంగా ఉండాలి.

క్యూటీఆర్ లేకపోతే

ఎప్సన్ డ్రైవర్‌లోనే ఉన్న అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌తో తీసేవాళ్లు ఇంక్ లిమిట్‌ని నేరుగా ముట్టలేరు. కానీ రెండు పిడులు చేతిలో ఉన్నాయి. ఒకటి మీడియా టైప్. వెల్వెట్ ఫైన్ ఆర్ట్, వాటర్‌కలర్ రేడియంట్ వైట్, ఇలా ఒక్కో ఎంపికలో డ్రైవర్ వేసే ఇంక్ వేరు. పేపర్ కంపెనీ చెప్పిన మీడియా టైప్‌తో మొదలుపెట్టి, పక్కవాటిని కూడా పరీక్షించండి. రెండోది పేపర్ కాన్ఫిగరేషన్‌లోని కలర్ డెన్సిటీ స్లయిడర్. దాన్ని 0 నుంచి ఐదేసి చొప్పున కిందికి దించుతూ, ప్రతిసారీ 85 నుంచి 100 శాతం దాకా ఒక్కో శాతం తేడాతో గడులున్న చిన్న పట్టీ ప్రింట్ తీయండి. ఫోటోషాప్‌లో ఐదు నిమిషాల్లో తయారవుతుంది. 97, 98, 99 గడులు విడివిడిగా కనిపిస్తూ, 100 గడి ఇంకా నల్లగానే ఉన్న చోట ఆగండి. ఆ తర్వాత దించితే నలుపు బూడిద అవుతుంది.

గ్లాసీ, బరైటా

వీటిలో ఫోటో బ్లాక్‌తో నలుపు చాలా లోతుకి వెళ్తుంది, ఎల్ స్టార్ 5 చుట్టుపక్కల, అంటే డెన్సిటీ 2.2 పైన. ఇక్కడ నలుపు వెనక్కి తిరగడం అంతగా కనిపించదు, అందుకే లిమిట్ దాటిన సంగతి మీటర్ ముందుగా చెప్పదు. ప్రింట్‌ని ఏటవాలుగా పట్టుకుని లైట్ కింద చూడండి. నీడల మీద రాగి రంగు మెరుపు తేలితే ఇంక్ పైన పేరుకుంటోందని అర్థం. మర్నాడు పొడి బట్టతో మెత్తగా తుడిచి చూడండి. బట్టకి నలుపు అంటితే లిమిట్ దించాల్సిందే.

వానాకాలం

కోస్తాలో ఉన్నవాళ్లకి ఇది ముఖ్యం. ఫోటో రాగ్ నూటికి నూరుపాళ్లూ దూది పేపర్. గాలిలో తేమ పీల్చుకుని కొంచెం ఉబ్బుతుంది, అంచులు లేస్తాయి. అప్పటికే తేమ ఉన్న పేపర్ ఇంక్‌లోని నీటిని నిదానంగా పీలుస్తుంది. వేసవిలో 60 దగ్గర శుభ్రంగా ఉన్న అంచు జులైలో రేగడం ఇక్కడ చూస్తూనే ఉంటాను. పేపర్‌ని జిప్ కవర్‌లో సిలికా జెల్‌తో పెట్టి, ప్రింట్ తీసే ముందు మాత్రమే బయటికి తీస్తాను. అయినా వానల్లో తీసే పెద్ద ప్రింట్లకి మూడు పాయింట్లు తక్కువున్న ఇంకో కర్వ్ పెట్టుకున్నాను. అంచు లేచిన పేపర్‌కి ప్లాటెన్ గ్యాప్ (హెడ్‌కీ పేపర్‌కీ మధ్య ఎడం) వైడ్ పెట్టండి, హెడ్ రాసుకుని నల్లగీత పడితే ప్రింట్‌తో పాటు కొన్నిసార్లు హెడ్ కూడా పాడవుతుంది.

చివరిగా ఒక నిజమైన ఫోటో

చార్ట్‌లన్నీ సరిగా వచ్చాక కూడా నేను ఒక నెగెటివ్ మీద చూసుకుంటాను. నల్లకోటు వేసుకున్న పెద్దాయన, పక్కన ముదురు పట్టుచీరలో భార్య, వెనక స్టూడియో తెర నీడ. కోటు జేబు అంచు, ఆమె జడ దిగిన చోట చీర నుంచి జుట్టు విడిపోవడం, కుర్చీ కాలు నీడలో కలిసే చోటు, ఈ మూడూ చేతిలో పట్టుకునే దూరం నుంచి తెలియాలి. మీ దగ్గర కూడా అలాంటి నల్లటి మీద నల్లటి ఫోటో ఒకటి ఎంచుకుని, ఎప్పుడూ దాన్నే వాడండి. తెల్ల చొక్కాలున్న ఫోటోతో లిమిట్ పరీక్షిస్తే ఏదైనా బాగానే కనిపిస్తుంది.

తేల్చిన అంకెలు పేపర్ పెట్టె మీదే రాసుకోండి: లిమిట్, బూస్ట్, రెండు గ్రే విలువలు, రిజల్యూషన్, నెల. కొత్త పెట్టె విప్పినప్పుడు 21 మెట్ల చార్ట్ ఒక్కటి తీసి చివరి మూడు మెట్లు పాతవాటితో పోల్చండి. ఒక పాయింట్ లోపు తేడా అయితే లీనియరైజేషన్ మళ్లీ చేస్తే చాలు. అంతకు మించి ఉంటే, లేదా ఇంక్ బ్రాండ్ మారిస్తే, మొదటి చార్ట్ నుంచి మొదలుపెట్టాలి.